‘వ్యాపారానికి వాడరాదు’ అన్న ఒక్క వాక్యం: ఒక తెలుగు స్పెల్‌చెకర్ లైసెన్సు కేసు

ఓపెన్ సోర్స్ లైసెన్సుల పరిశీలన నా వృత్తి. కోడ్‌ను ఎవరైనా చూసి, వాడి, మార్చి, పంచుకోవచ్చని అనుమతిచ్చే పత్రాలు అవి. ఉద్యోగంలో కంపెనీ కోడ్‌లోకి వచ్చే బయటి లైబ్రరీలు చూస్తాను. తీరిక దొరికినప్పుడు భాషా సాంకేతికత మీద పనిచేసే వాలంటీర్ బృందాలకు సాయం చేస్తాను. అలా నా దగ్గరికి వచ్చిన కేసు ఇది. బృందం అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, పేర్లు, ప్రాజెక్టు పేరు, వాళ్ళను తిరస్కరించిన హోస్టింగ్ సంస్థ (ప్రాజెక్టుల కోడ్‌ను తన సర్వర్లలో ఉంచే సంస్థ) పేరు ఇవ్వడం లేదు.

దీన్ని రాయడానికి కారణం ఒకటుంది. లైసెన్సును మనం ‘ఎంచుకుంటాం’ అనుకుంటాం. జాబితా ముందేసుకుని నచ్చినది తీసుకోవచ్చనే అందరి నమ్మకం. కొంతకాలం నడిచిన ప్రాజెక్టులో ఆ స్వేచ్ఛ పెద్దగా మిగలదు. ఫోల్డర్‌లో అప్పటికే చేరిపోయిన ఇతరుల పని సగం నిర్ణయం చేసేసి ఉంటుంది. మిగిలిన సగంలో మన భయం ఏమిటో మనకు స్పష్టంగా తెలియాలి.

నేపథ్యం

చిన్న బృందం. పనిచేస్తున్నది తెలుగు స్పెల్‌చెకర్ మీద. దానికి ఆధారం ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు ముప్ఫై ఏళ్ళుగా నోటు పుస్తకాల్లో కూర్చుకున్న పదపట్టిక. మాస్టారు మాటలు పోగుచేసిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. మాట, దాని సరైన వర్ణక్రమం, జనం తప్పుగా రాసే రూపం, ఎక్కడ విన్నారో ఒక చిన్న గుర్తు, అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఆయన దగ్గర చదువుకున్న ఒక ఇంజనీరు ఆ పుస్తకాలను కంప్యూటర్‌కి ఎక్కించాడు. హన్‌స్పెల్ అనే స్వేచ్ఛా స్పెల్‌చెక్ ఇంజిన్‌కి సరిపోయే నిఘంటువుగా మలిచాడు. తర్వాత ఒక ఆండ్రాయిడ్ కీబోర్డ్ చేశాడు. ఒక్కొక్కరుగా మరికొందరు చేరారు.

పని పెరిగేకొద్దీ ఖర్చూ పెరిగింది. మార్పు చేసిన ప్రతిసారీ నిఘంటువును మళ్ళీ కూర్చాలి, పరీక్షలు నడపాలి, ఫోన్ యాప్ తయారు చేయాలి. అందుకు యంత్రాల సమయం కావాలి, జట్టంతటికీ ఖాతాలు కావాలి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఇవన్నీ ఉచితంగా ఇచ్చే ఒక హోస్టింగ్ ప్లాన్‌కు దరఖాస్తు పెట్టారు. తిరస్కరించారు.

ఇక్కడ చాలామంది కలిపేసుకునే రెండు విషయాలను విడదీయాలి. గిట్‌హబ్ లాంటి కోడ్ పంచుకునే సైట్‌లో ఏ లైసెన్సూ లేకుండానే కోడ్‌ని పబ్లిక్‌గా పెట్టుకోవచ్చు. అలా పెడితే వాళ్ళ నిబంధనల ప్రకారం ఇతరులు దాన్ని చూడవచ్చు, ఆ సైట్‌లోనే ఫోర్క్ (తమ ఖాతాలో నకలు) చేసుకోవచ్చు, అంతే. వాడుకునే హక్కు, మార్చి పంచే హక్కు ఎవరికీ రావు. ‘ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఉచితం’ అని విడిగా ఇచ్చే ప్లాన్ల సంగతి వేరు. గిట్‌ల్యాబ్ ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్, సోర్స్‌ఫోర్జ్ రెండూ ఓఎస్ఐ (ఓపెన్ సోర్స్ నిర్వచనాన్ని నిర్వహించే ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ సంస్థ) ఆమోదించిన లైసెన్సు ఉండాలంటాయి. అనువాదాల కోసం హోస్టెడ్ వెబ్‌లేట్ ఇచ్చే ఉచిత ప్లాన్‌కీ, బెర్లిన్‌లోని లాభాపేక్ష లేని సంఘం నడిపే కోడ్‌బర్గ్‌కీ స్వేచ్ఛా లైసెన్సు తప్పనిసరి. గ్నూ సవన్నా ఇంకా కఠినం. అక్కడ జీపీఎల్‌తో (మార్చి పంచేవాళ్ళు తమ కోడ్‌నూ అదే షరతు మీద ఇవ్వాలనే లైసెన్సు) పొసగని లైసెన్సు కుదరదు, ప్రతి ఫైలులో కాపీరైట్ నోటీసు ఉందో లేదో మనుషులే చూస్తారు. ఈ పట్టుదల కొత్తదేమీ కాదు. 2006లో మొదలై 2016లో మూతపడిన గూగుల్ కోడ్ కూడా మొదట్లో గుప్పెడు లైసెన్సులనే అనుమతించింది.

వచ్చిన సమస్య

వాళ్ళు నన్ను కలిసేటప్పటికే రెండు తిరస్కరణలు అయ్యాయి.

మొదట వాళ్ళు పెట్టుకున్నది సొంతంగా తెలుగులో రాసుకున్న లైసెన్సు. నాలుగే వాక్యాలు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, వ్యాపారానికి వాడరాదు, తెలుగు భాషకు చెరుపు చేసేవారు వాడరాదు, మాస్టారి పేరు తప్పక చెప్పాలి. చదవడానికి న్యాయంగానే ఉంది. కానీ ఓపెన్ సోర్స్ నిర్వచనంలోని ఐదో అంశం వ్యక్తుల మధ్య, సమూహాల మధ్య వివక్ష కూడదంటుంది. ఆరో అంశం ఏ రంగంలో వాడతారన్న దాన్నిబట్టి వివక్ష కూడదంటుంది. వ్యాపారంలో వాడకుండా ఆపకూడదన్న మాట అక్కడే ఉదాహరణగా ఉంటుంది. కాబట్టి రెండో వాక్యం, మూడో వాక్యం రెండూ కుదరవు.

మూడో వాక్యం గురించి ఇంజనీరు నన్ను నిలదీశాడు. “సార్, మంచికి వాడండి అని అడగడం కూడా తప్పేనా?”

జేసన్ లైసెన్సు సంగతి చెప్పాను. నోటీసు ఉంచితే చాలు, ఏమైనా చేసుకోమనే ఎంఐటీ లైసెన్సుకు దాదాపు నకలైన అందులో ఒకే ఒక్క వాక్యం అదనం. సాఫ్ట్‌వేర్‌ని మంచికే వాడాలి, చెడుకు వాడకూడదు అని. ఆ వాక్యం కారణంగా లైనక్స్ పంపిణీ డెబియన్ దాన్ని స్వేచ్ఛా లైసెన్సుగా ఒప్పుకోలేదు. 2009లో గూగుల్ కోడ్ ఆ లైసెన్సు ఉన్న ఒక ప్రాజెక్టును ఉంచుకోలేకపోయింది. 2016లో అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లోకి రానివ్వని లైసెన్సుల్లో దాన్ని చేర్చింది. మంచి ఏదో, చెడు ఏదో తేల్చేది ఎవరు? రేపు ఎవరైనా కోర్టుకెళితే ఆ వాక్యానికి అర్థం ఏమని చెప్పాలి? వాడుకునేవాడికి ఆ అనుమానం ఉన్నంతకాలం లైసెన్సు ఇచ్చినా ఇవ్వనట్టే.

మొదటి తిరస్కరణ తర్వాత వాళ్ళు పాత లైసెన్సును తీసేసి, రచనలు, బొమ్మలు లాంటివి పంచుకోవడానికి వాడే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో వ్యాపారేతర వినియోగానికి పరిమితమయ్యే రకాన్ని పెట్టబోయారు. అది ‘ప్రామాణికం’ కదా అన్న ధైర్యం. అదీ ఆరో అంశం దగ్గరే ఆగిపోతుంది. పైగా సాఫ్ట్‌వేర్‌కు తమ లైసెన్సులు వాడొద్దని క్రియేటివ్ కామన్స్ సంస్థే చెబుతుంది. ఎవరో ఆ మాట చెప్పడంతో ఆగి, రాత్రికి రాత్రి ఎంఐటీ లైసెన్సు ఫైలును పెట్టేసి మళ్ళీ దరఖాస్తు పంపారు.

రెండో తిరస్కరణ లేఖ నాకు చూపించారు. అది చదివాక ఆ పరిశీలకుడి మీద గౌరవం కలిగింది. పైన ఎంఐటీ అని ఉన్నా ఆయన లోపలికి వెళ్ళి చూశాడు. రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ ఫైలు) చివర ‘వ్యాపారానికి వాడరాదు’ అన్న పాత వాక్యం అలాగే ఉంది. నిఘంటువు ప్రత్యయాల ఫైలు తెరిస్తే మొదట్లోనే జీపీఎల్ నోటీసు ఉంది. ఫాంట్ల ఫోల్డర్‌లో ఒక ఫాంటుకు ఏ లైసెన్సూ లేదు. మూడూ రాసి, ఇవి సరిచేసి రండి అన్నాడు.

మాస్టారి భయం

లైసెన్సుల పేర్లు ఎత్తకముందు నేను మాస్టారితో మాట్లాడాలన్నాను. పట్టు పట్టింది ఆయనే. రీడ్‌మీలో వాక్యం అలా మిగిలిపోవడానికి కారణం మరుపు కాదు, ఆయన మాట తీసేయడానికి ఎవరికీ మనసు రాకపోవడం.

ఆయన సూటిగా చెప్పారు. “బాబూ, ముప్ఫై ఏళ్ళు కూర్చిన మాటలివి. ఏ కంపెనీ వాడో ఎత్తుకుపోయి, పైన తన పేరు రాసుకుని, రేపు మనకే డబ్బులకు అమ్మితే నేను చూస్తూ ఊరుకోవాలా?”

అడగాల్సిన ప్రశ్నే. అందులో మూడు భయాలున్నాయి. ఒకరు తీసుకుని తలుపు మూసేసుకోవడం. పేరు పోవడం. డబ్బు సంపాదించడం. వీటిలో దేనికి ఎంత బరువుందో తేల్చుకోవాలి.

“మాస్టారూ, ఈ స్పెల్‌చెకర్ ముందుగా ఎవరి చేతికి అందాలని మీ కోరిక?” అని అడిగాను.

ఆయన ఆలోచించుకోలేదు. డీటీపీ సెంటర్లలో పెళ్ళి పత్రికలు, గైడ్లు కంపోజ్ చేసే పిల్లలకు అన్నారు. పత్రికల డెస్కుల్లో సబ్‌ఎడిటర్లకు అన్నారు. బస్టాండు బోర్డులు, షాపు బోర్డులు రాయించే ఫ్లెక్సీ వాళ్ళకు అన్నారు. అచ్చులో తప్పులు పుట్టేది అక్కడే కదా అన్నారు.

వీళ్ళందరూ వ్యాపారమే చేస్తున్నారు. డీటీపీ కుర్రాడు పేజీకి ఇంత అని తీసుకుంటాడు. పత్రిక ఒక కంపెనీ. ‘వ్యాపారానికి వాడరాదు’ అన్న వాక్యం మొదట ఆపేది మాస్టారు ఎవరికైతే చేరాలనుకున్నారో వాళ్ళనే. పెద్ద కంపెనీకి లాయర్లుంటారు, సొంతంగా పదపట్టిక చేయించుకునే డబ్బూ ఉంటుంది. ఆ వాక్యం చదివి నిజంగా వెనక్కి తగ్గేది నియమం మీరడం ఇష్టం లేని చిన్నవాడు.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. “అయితే డబ్బు మాట వదిలేద్దాం. తలుపు మూయకూడదు, పేరు పోకూడదు. ఆ రెండూ కుదురుతాయా?” అన్నారు.

నా దృష్టిలో ఈ కేసు అక్కడ మలుపు తిరిగింది. ఆ రెండూ ఓపెన్ సోర్స్ నిర్వచనం లోపలే కుదురుతాయి. తలుపు మూయకుండా ఆపడానికి, మార్చినదాన్ని పంచితే అదే షరతు మీద పంచాలనే షేర్‌అలైక్, కాపీలెఫ్ట్ లైసెన్సులున్నాయి. పేరుకు ఆట్రిబ్యూషన్ (కర్త పేరు చెప్పాలనే) షరతు ఉంది. దానికి తోడు మన కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ రచయితకు ప్రత్యేకంగా కొన్ని హక్కులిస్తుంది. ఆర్థిక హక్కులు వేరొకరికి రాసిచ్చేసినా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు ఆయనకే ఉంటుంది.

ప్రయత్నించి వదిలేసినవి

ఇంజనీరుకు ఎంఐటీ మీదే మక్కువ. చిన్నది, ఎవరికైనా అర్థమవుతుంది, ఏ కంపెనీ అభ్యంతరం చెప్పదు. ఎక్కువమంది వాడాలంటే అదే మేలన్నది అతని వాదన. అతని కోరికనూ కొట్టిపారేయకూడదనిపించింది. ఎంఐటీ నిలవాలంటే జీపీఎల్ ఫైలు ఒక్కటే అడ్డం. దాన్ని తీసేసి ప్రత్యయాల నియమాలు కొత్తగా రాస్తే ఎలా ఉంటుందో చూద్దామన్నాం.

ప్రత్యయాల ఫైలు అంటే ఏమిటో చెప్పాలి. తెలుగులో మాటకు వెనక అతుకులు పడుతూ పోతాయి. ‘ఇల్లు’ ఒక్కటి నిఘంటువులో పెడితే చాలదు. ఇంటికి, ఇంట్లో, ఇంట్లోంచి, ఇంటివాళ్ళతో, ఇళ్ళల్లో అన్నీ సరైనవేనని యంత్రానికి తెలియాలి. ‘పుస్తకం’ ఉంటే పుస్తకాన్ని, పుస్తకాలలో, పుస్తకాలకు తెలియాలి. ఏ చివర తీసి ఏది చేర్చాలో ఒక్కో నియమంగా ఆ ఫైలులో వరుసగా రాసి ఉంటుంది. మాటలు ఎన్ని ఉన్నా ఈ నియమాలు లేకపోతే తెలుగు స్పెల్‌చెకర్ పనికిరాదు. వాళ్ళ ఫైలు చాలా ఏళ్ళ కిందటి ఒక స్వేచ్ఛా నిఘంటువు నుంచి తెచ్చి పెంచుకున్నది.

పాత ఫైలు ముట్టుకోని ఒక సభ్యురాలు వ్యాకరణం ఆధారంగా కొత్త నియమాలు రాసింది. చూసి రాయకూడదన్న నియమం ఆమె నిక్కచ్చిగా పాటించింది. ఫలితం మాత్రం నిలబడలేదు. ఔపవిభక్తికాల (విభక్తి చేరేముందు రూపం మారే మాటల) దగ్గర, ‘కన్ను - కంటికి’, ‘ఏరు - ఏటికి’ లాంటి చోట్ల ఎర్రగీతలే ఎర్రగీతలు. మంచి తెలుగును తప్పని చూపే స్పెల్‌చెకర్ కన్నా అసలు లేకపోవడమే నయం. ఇంకా పట్టుబట్టి రాస్తే ఎప్పటికో కుదిరేది. కానీ అంత శ్రమ దేనికోసం? మాస్టారు అడిగిన రక్షణ లేని లైసెన్సు కోసం. ఎంఐటీలో తలుపు మూసేసుకోవడానికి అడ్డే లేదు. ప్రతికూలంగా ఇన్ని కారణాలున్నాక ఆ దారి ఆపేద్దామన్నాను. ఇంజనీరు ఒప్పుకున్నాడు.

మధ్యలో ఒకరు ఇంకో సూచన తెచ్చారు. ఎంఐటీ లాగే ఉదారమైన అపాచీ లైసెన్సు పెట్టి, దాని మీద ‘కామన్స్ క్లాజ్’ అనే అదనపు షరతు అతికిస్తే అమ్మకం ఆపవచ్చు కదా అని. 2018లో కొన్ని డేటాబేస్ ఉత్పత్తులు ఆ పని చేశాయి. ఆ క్లాజ్ తగిలించాక అది ఓపెన్ సోర్స్ కాదని ఆ క్లాజ్ రాసినవాళ్ళే ఒప్పుకున్నారు. ఉచిత హోస్టింగ్‌కు అది పనికిరాదు. దాని మీద ఎక్కువసేపు ఆగలేదు.

కుదిరినది

అసలు పని ఫోల్డర్ మొత్తాన్ని వరుసగా చూడటంతో మొదలైంది. ప్రతి ఫైలుకీ ఒకే ప్రశ్న: ఇది ఎవరిది, ఏ షరతు మీద మన దగ్గర ఉంది?

ప్రత్యయాల ఫైలు నోటీసును పదం పదం చదివాం. ఇది చాలామంది దాటేసే చోటు. అందులో జీపీఎల్ ‘రెండో వెర్షన్, లేదా మీ ఇష్టాన్నిబట్టి ఆ తర్వాతి ఏ వెర్షన్ అయినా’ అని ఉంది. ఆ చివరి ముక్క మమ్మల్ని గట్టెక్కించింది. ఎందుకంటే కీబోర్డ్ యాప్‌లో ఉన్న ఆండ్రాయిడ్ లైబ్రరీలు అపాచీ 2.0 కిందివి. అపాచీ 2.0 జీపీఎల్ మూడో వెర్షన్‌తో కలుస్తుంది, రెండో వెర్షన్‌తో కలవదు. నోటీసులో ‘రెండో వెర్షన్ మాత్రమే’ అని ఉంటే ఆ రెంటినీ ఒకే యాప్‌లో కూర్చి పంచే వీలుండేది కాదు. ‘తర్వాతి వెర్షన్’ అన్న వెసులుబాటు ఉంది కాబట్టి మూడో వెర్షన్ తీసుకున్నాం. ఇక్కడ మేము ఎంచుకున్నదేమీ లేదు. పదహారణాలా ఆ ఫైలు, ఆ లైబ్రరీలు కలిసి చేసిన నిర్ణయం అది.

జీపీఎల్‌కే మరింత కఠినమైన రూపమైన ఏజీపీఎల్ పెడదామా అన్న చర్చ వచ్చింది. ఎవరైనా మన ఇంజిన్‌ని సర్వర్ మీద పెట్టి వెబ్ సేవగా నడిపితే మామూలు జీపీఎల్ ప్రకారం కోడ్ ఇవ్వనక్కర్లేదు, ఏజీపీఎల్ ప్రకారం ఇవ్వాలి. రక్షణ ఎక్కువే. కానీ మాస్టారు కాపాడుకోవాలనుకున్నది మాటల పట్టికను, ఇంజిన్‌ను కాదు. పైగా ఒక పత్రిక తన డెస్కులో వాడే ఎడిటర్‌కి దీన్ని అతికించుకుంటే మాకు సంతోషమే. బయటికి పంచనంతవరకు జీపీఎల్ వాళ్ళను ఏమీ అడగదు. ఏజీపీఎల్ పేరు చూస్తేనే కొన్ని సంస్థలు దూరం జరుగుతాయన్నది నా ఉద్యోగంలో రోజూ చూసేదే. జీపీఎల్ దగ్గరే ఆగాం.

పదపట్టిక సంగతి ఇంకా చిక్కు. అందులో మూడు పాయలు కలిశాయి. మాస్టారి నోటు పుస్తకాలు ఒకటి. తెలుగు విక్షనరీ నుంచి తీసుకున్నవి రెండు. బ్రౌన్ నిఘంటువు నుంచి ఎక్కించినవి మూడు. బ్రౌన్ 1884లో చనిపోయారు. రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ళకు మన చట్టంలో కాపీరైట్ తీరిపోతుంది కాబట్టి 1852 నాటి ముద్రణతో పేచీ లేదు. విక్షనరీ పాఠ్యం క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ కింద ఉంటుంది. 2023 నుంచి అది 4.0 వెర్షన్.

ఒక సభ్యుడు అడిగాడు: విడి మాటలకు కాపీరైట్ ఏమిటి, అవి అందరివీ కదా? నిజమే, ‘పుస్తకం’ అన్న మాట ఎవరి సొత్తూ కాదు. కానీ చట్టం దృష్టిలో కూర్పు కూడా సాహిత్య రచనే. కంప్యూటర్ డేటాబేసులు అందులోకి వస్తాయి. ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ కేసులో సుప్రీంకోర్టు చెమటోడ్చడం ఒక్కటే చాలదంది. ఎంపికలో, అమరికలో కాస్తయినా సృజన ఉండాలంది. మాస్టారి పట్టికలో తప్పు రూపాల ఎంపిక, వాటి గుర్తులు ఆ పరీక్షకు నిలుస్తాయని నా అభిప్రాయం. నిలవకపోయినా, లైసెన్సు స్పష్టంగా రాసి ఉంటే వాడుకునేవాడికి అనుమానం మిగలదు.

పట్టిక మొత్తానికి క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0 పెట్టాం. ఇది ఓఎస్ఐ జాబితాలో ఉండదు, అది సాఫ్ట్‌వేర్ లైసెన్సు కాదు కదా. మరి హోస్టింగ్ వాళ్ళు ఒప్పుకుంటారా? ఇక్కడే 2015 నాటి ఒక నిర్ణయం అక్కరకొచ్చింది. షేర్‌అలైక్ 4.0 కింద ఉన్నదాన్ని మార్చి జీపీఎల్ మూడో వెర్షన్ కింద పంచవచ్చని క్రియేటివ్ కామన్స్ ప్రకటించింది. ఒకవైపే వెళ్ళే దారి అది, జీపీఎల్ నుంచి వెనక్కి రాలేం. పట్టికనూ ప్రత్యయాలనూ కలిపి కూర్చిన నిఘంటువు జీపీఎల్ మూడో వెర్షన్ కిందికి వస్తుంది. ఒక సన్నని మెలిక ఉంది. ఆ అనుమతి మూడో వెర్షన్‌కు మాత్రమే. కాబట్టి మా కోడ్‌కు ‘మూడు లేదా తర్వాతివి’ అని రాశాం, కూర్చిన నిఘంటువుకు ‘మూడు మాత్రమే’ అని రాశాం. ఈ తేడా రీడ్‌మీలో రెండు వాక్యాల్లో చెప్పాం.

ఫాంటు సులువుగా తేలింది. ‘ఉచిత డౌన్‌లోడ్’ అని ఎక్కడో దొరికినదాన్ని తీసేసి ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్న ‘మండలి’ని పెట్టాం. మాస్టారు ఆ లైసెన్సు చదివించుకుని, “ఇందులో ఫాంటును విడిగా అమ్మకూడదని ఉందే, దీన్నెలా ఒప్పుకున్నారు?” అన్నారు. ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్ముకోవచ్చు, అందువల్ల నిర్వచనానికి అడ్డం రాదు. ఆయన వదలకుండా ప్రతిదీ అడగడం నాకు నచ్చింది.

మనుషులు, సంతకాలు

లైసెన్సు ఇచ్చే హక్కు ఉన్నవాళ్ళే ఇవ్వాలి. ఇది రాతకోతల పని, కానీ ఎక్కువ సమయం ఇక్కడే పట్టింది.

మాస్టారు ఒక పేజీ లేఖ రాసిచ్చారు. సెక్షన్ 30 ప్రకారం లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. ‘నేను కూర్చిన ఈ పదపట్టికను క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0 షరతుల మీద ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు. నా పేరు ఉంచాలి. మార్చినదాన్ని పంచితే ఇదే షరతు మీద పంచాలి.’ ‘ఏ పనికైనా’ అన్న మాట ఆయనే చేర్చారు.

ఒక కంట్రిబ్యూటర్ ఐటీ ఉద్యోగి. సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకుంటే, మొదటి హక్కుదారు యజమాని. ఇంట్లో, సొంత లాప్‌టాప్ మీద, ఆఫీసుకు సంబంధం లేని పని చేశానని అతనన్నాడు. నిజమే కావచ్చు. అతని నియామక పత్రంలోని మాట మాత్రం అంతకన్నా విశాలంగా ఉంది. కంపెనీలో అడిగి అభ్యంతరం లేదన్న మెయిల్ తెప్పించుకోమన్నాను. తెప్పించాడు.

యాప్ ఇంటర్‌ఫేస్ డబ్బులిచ్చి ఒక ఫ్రీలాన్సర్‌తో చేయించారు. డబ్బులిచ్చాం కాబట్టి మాదే అనుకున్నారు. అతను ఉద్యోగి కాడు. రాతపూర్వక ఒప్పందం లేదు కాబట్టి హక్కు అతని దగ్గరే ఉంది. హక్కు బదిలీ పత్రం రాయించుకుందామని ఒకరు మొదలుపెట్టారు. అందులో గడువు, ప్రాంతం ఖాళీగా ఉన్నాయి. సెక్షన్ 19 ప్రకారం గడువు రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ప్రపంచమంతా దింపుకునే యాప్‌కు అది చాలదు. బదిలీ మానేసి, తన కోడ్‌ను తానే జీపీఎల్ మూడు లేదా తర్వాతి వెర్షన్ కింద ఇస్తున్నానని అతనితోనే ప్రాజెక్టులో కమిట్ (మార్పుగా నమోదు) చేయించాం. అది తేలిక, పదిలం కూడా.

ఒకరు ఎంతకీ దొరకలేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తే తెలుగు వచ్చే పట్టిక అతను రాసినది. యూనికోడ్ తెలుగు బ్లాకులోని 128 స్థానాల చార్టు ముందు పెట్టుకుని, పాతది చూడని మనిషితో కొత్తగా రాయించాం. ప్రత్యయాల దగ్గర విఫలమైన పద్ధతే ఇక్కడ ఒక సాయంత్రంలో పనిచేసింది. ఏది తిరగరాయవచ్చో, ఏది రాయలేమో తేల్చేది దాని లోతే.

ఇక పేరు. జీపీఎల్ ఏడో సెక్షన్ కొన్ని అదనపు షరతులను అనుమతిస్తుంది. మార్చిన ప్రతిని అసలుదిగా చూపించకూడదనవచ్చు, ట్రేడ్‌మార్క్ హక్కు ఇవ్వడం లేదనవచ్చు. మార్చినదానికి వేరే పేరు పెట్టాలనడం ఓపెన్ సోర్స్ నిర్వచనం నాలుగో అంశం ప్రకారం కూడా చెల్లుతుంది. మార్చి పంచేవాళ్ళు ప్రాజెక్టు పేరు వాడకూడదని రాశాం. మాస్టారి పేరు కర్తగా ఉంటుంది, ఎవరి ప్రకటనలోనూ సిఫారసుగా ఉండదు.

చివరగా ప్రతి ఫైలు తలపై ఎస్‌పీడీఎక్స్ గుర్తింపు వరుస (లైసెన్సు పేరును ప్రామాణిక సంక్షిప్త రూపంలో చెప్పేది), లైసెన్సుల పూర్తి పాఠాలకు ఒక ఫోల్డర్ పెట్టాం. యూరప్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వాళ్ళ ‘రీయూజ్’ పరికరంతో ఏ ఫైలూ మిగల్లేదని సరిచూశాం. రీడ్‌మీలోని పాత వాక్యాన్ని మాస్టారే తీయించారు. దరఖాస్తులో ఏది ఏ లైసెన్సు కిందో, ఎందుకో ముందే వివరించాం. ఈసారి పరిశీలకుడు లోగో గురించి ఒక్కటే అడిగాడు. జవాబు పంపాక ప్లాన్ మంజూరైంది.

ఈ కేసు నుంచి నేను పట్టుకెళ్ళినవి

లైసెన్సు చర్చ ఇప్పుడు భయాల దగ్గర మొదలుపెడుతున్నాను. ‘వ్యాపారం వద్దు’ అనేవాళ్ళలో చాలామందికి నిజంగా వద్దనిపించేది మూసేసుకోవడం, పేరు మింగేయడం. అవి బయటికి వచ్చాక సగం వాదన తీరిపోతుంది. నిజంగానే ఎవరూ రూపాయి సంపాదించకూడదనేవాళ్ళూ ఉంటారు. అది వాళ్ళ హక్కు. వాళ్ళకు ఉచిత ఓపెన్ సోర్స్ హోస్టింగ్ దొరకదని ముందే చెప్పేస్తాను.

రెండోది, సైటు పేజీలో కనిపించే లైసెన్సు పేరును నమ్మను. యంత్రం లైసెన్సు ఫైలు ఒక్కదాన్నే చూసి పేరు పెడుతుంది. పరిశీలించే మనిషి ఫైళ్ళు తెరుస్తాడు.

కొత్తగా చేరేవాళ్ళ దగ్గర ఇకపై హక్కుల బదిలీ ఒప్పందం తీసుకోవాలా అన్నదాని మీద బృందంలో ఇంకా రెండు అభిప్రాయాలున్నాయి. ఈమధ్య ఒక చిన్న కంపెనీ వచ్చి, కోడ్ ఇవ్వనక్కర్లేని విడి లైసెన్సు డబ్బులకు అడిగింది. హక్కులు అంతమంది చేతుల్లో ఉండగా ఇవ్వలేమన్నారు, వాళ్ళు వెళ్ళిపోయారు. బదిలీ ఒప్పందం ఉంటే ఆ డబ్బు ప్రాజెక్టుకు వచ్చేదని ఇంజనీరు అంటాడు. ఒకరి చేతికి అన్ని హక్కులూ వస్తే రేపు తలుపు మూసే శక్తీ ఆ చేతికే వస్తుందని మాస్టారు అంటారు. ప్రస్తుతానికి లైనక్స్ కెర్నల్ 2004 నుంచి వాడుతున్న పద్ధతే పెట్టుకున్నారు. ఈ పని నాది, ఈ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుంది అని ప్రతి కమిట్ కింద ఒక సంతకం వరుస. ఉచ్చారణ కోసం బడిపిల్లలతో చదివించి రికార్డు చేసిన ఆడియో మాత్రం ఇంకా బయటే ఉంది. ఆ పిల్లల తల్లిదండ్రుల దగ్గర తీసుకున్న అనుమతి పత్రాల్లో ‘విద్యా అవసరాలకు మాత్రమే’ అని ఉంది. కొత్త పత్రాలు వచ్చేదాకా దాన్ని ప్రాజెక్టు రిపాజిటరీలో (ఫైళ్ళ భాండారంలో) పెట్టవద్దన్నాను.